14 ఎత్తుల డ్రా: బెర్లిన్ రక్షణలో రెండు దారులు

భీమవరంలోని ఒక కల్యాణ మండపంలో జరిగిన రేటింగ్ టోర్నమెంటులో ఐదో రౌండు మొదలై అరగంట కాకముందే రెండో బోర్డు ఆటగాళ్లిద్దరూ చేతులు కలిపి లేచారు. నల్ల పావులతో ఆడినవాడు నా దగ్గర చదరంగం నేర్చుకుంటున్న పన్నెండేళ్ల కుర్రాడు. తెల్ల పావులతో ఆడినవాడు ఇంజనీరింగ్ చదువుతున్న యువకుడు, రేటింగులో మావాడి కంటే 200 పాయింట్లు పైన ఉన్నాడు. ఫలితం డ్రా, ఎత్తులు 14. రాజోలు దగ్గర నుంచి తెల్లవారకముందే పిల్లవాణ్ణి బండి మీద ఎక్కించుకుని, చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా వచ్చిన ఆ కుర్రాడి తండ్రి గుమ్మం బయట నన్ను ఆపారు. “ఏంటండీ మాస్టారూ ఇది? ఇద్దరూ ముందే కూడబలుక్కుని లేచిపోయినట్టుందండి. దీనికోసమా నేను రెండు రోజులు పని మానుకుని వచ్చింది?” అన్నారు. పిల్లవాడు ఎత్తులు రాసుకున్న కాగితం కింది ప్రతిని మడిచి పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ తండ్రి బాధను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. పందెమంటే ఎవరో ఒకరు గెలిచి తీరాలన్న నేల మనది. దానికితోడు, చూడకుండానే ముగిసిపోయిన ఆటను చూసి అనుమానపడటం సహజం. కానీ ఆ కాగితం మీద ఉన్నది మామూలు రాజీ కాదు. చదరంగంలో ఎంతో పేరున్న ఒక ఓపెనింగులో, అంటే ఆట ఆరంభపు ఎత్తుల వరుసలో, ఆరో ఎత్తు దగ్గర దారి రెండుగా చీలే చోట, ఒక పక్కకు తిరిగిన ఆట అది. ఇంకో పక్కకు తిరిగి ఉంటే అదే ఓపెనింగు ఐదారు గంటల పోరాటంగా మారగలదు. 2000లో ప్రపంచ విజేత పీఠం చేతులు మారింది ఆ ఇంకో దారి బలంతోనే. అందువల్ల ఈ డ్రాను అర్థం చేసుకోవాలంటే బోర్డు ముందు కూర్చుని మొదటి ఎత్తు నుంచి చూడవలసిందే.

గళ్లకు అందరికీ తెలిసిన పేర్లే వాడతాను. నిలువు వరుసలు తెల్లకు ఎడమ చేతి వైపు నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డు వరుసలు తెల్ల వైపు నుంచి 1 మొదలు 8 వరకు. మూలగా నడిచే పావును కొందరు ఒంటె అంటారు, నేను శకటు అంటాను. ఆట ఇలా మొదలైంది. తెల్ల రాజు ముందు బంటును ఇ4కు నడిపింది, నల్ల ఇ5తో ఎదురు నిలిచింది. తెల్ల గుర్రం ఎఫ్3కు దూకి ఆ బంటును బెదిరించగా, నల్ల గుర్రం సి6కు వచ్చి కాపు కాసింది. తెల్ల శకటు బి5కు వెళ్లి ఆ కాపు గుర్రం మీద కన్ను వేసింది. ఇది స్పానిష్ ఓపెనింగు. 1561లో చదరంగం మీద పుస్తకం రాసిన స్పెయిన్ మతాచార్యుడు రూయ్ లోపెజ్ పేరుతోనూ దీన్ని పిలుస్తారు. ఇక్కడ నల్ల తరచుగా ఎ6 బంటుతో శకటును అదిలిస్తుంది. మావాడు అలా చేయకుండా రెండో గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి, తెల్ల ఇ4 బంటుకే గురిపెట్టాడు. ఈ ఎత్తునే బెర్లిన్ రక్షణ అంటారు.

నాలుగో ఎత్తుకు తెల్ల రాజు కోట కట్టుకున్నాడు (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదిలి రాజు భద్రమైన చోటుకు చేరడం), నల్ల గుర్రం ఇ4 బంటును కొట్టేసింది. ఐదో ఎత్తుకు తెల్ల డి4 బంటును తోసి మధ్యను తెరిచింది. నల్ల గుర్రం డి6కు వెనక్కి వచ్చి, వస్తూనే బి5లోని శకటును బెదిరించింది. దారి చీలేది ఇక్కడే. తెల్ల తన శకటుతో సి6 గుర్రాన్ని కొట్టడం ఒక దారి. ఆ శకటును అలాగే వదిలేసి డి బంటుతో ఇ5ను కొట్టడం మరో దారి. మన ఇంజనీరింగ్ యువకుడు రెండో దారి పట్టాడు.

నల్ల గుర్రం బి5 శకటును కొట్టింది. లెక్కకు తెల్ల ఒక పావు పోగొట్టుకున్నట్టే. అయితే ఏడో ఎత్తుకు ఎ4 బంటు ఆ గుర్రం మీదకు వచ్చి నిలిచింది. గుర్రానికి ఎటు వెళ్లే వీలుందో చూడండి. ఎ3కు పోయినా, సి3కు పోయినా తెల్ల బంటు కొడుతుంది. డి6కు పోతే ఇ5 బంటు కొడుతుంది. ఎ7, సి7 గళ్లలో సొంత బంట్లే అడ్డం. ఇక మిగిలింది డి4 ఒక్కటే, అక్కడ తెల్ల గుర్రం కాచుకుని ఉంది. అంటే బి5 మీద ఉన్న గుర్రం ఎలాగూ దక్కదు. ఆ సంగతి తెలిసిన ఆటగాడు దాన్ని డి4కే పంపుతాడు, ఎందుకంటే అక్కడ తెల్ల గుర్రం దాన్ని కొట్టగానే సి6లోని రెండో గుర్రం ఆ గుర్రాన్ని కొడుతుంది, చివరికి తెల్ల మంత్రి వచ్చి దాన్నీ కొట్టి డి4లో నిలుస్తుంది. తొమ్మిదో ఎత్తుకు ఇద్దరి లెక్కా సమానం. తెల్లకు ఒక శకటు, ఒక గుర్రం పోయాయి, నల్లకు రెండు గుర్రాలూ పోయాయి.

అప్పుడు నల్ల డి7 బంటును రెండు గళ్లు ముందుకు తోసింది, రెండు గళ్లు దూకిన బంటును ఒక్క గడే కదిలినట్టు లెక్కించి పక్క బంటు కొట్టవచ్చన్న నియమం ప్రకారం తెల్ల ఇ5 బంటు దాన్ని దారిలోనే కొట్టి డి6కు చేరింది, నల్ల మంత్రి ఆ బంటును కొట్టి డి6లో నిలిచింది. పదో ఎత్తు పూర్తయ్యేసరికి మంత్రులు డి4లో ఒకటి, డి6లో ఒకటి ఎదురెదురుగా ఉన్నాయి. పదకొండో ఎత్తుకు తెల్ల మంత్రి ఇ4కు జరిగి రాజుకు షా ఇచ్చింది (నేరుగా రాజు మీద దాడి), నల్ల మంత్రి ఇ6కు వచ్చి అడ్డుపడింది. తెల్ల మంత్రి తిరిగి డి4కు, నల్ల మంత్రి తిరిగి డి6కు. మళ్లీ ఇ4, మళ్లీ ఇ6. మళ్లీ డి4, మళ్లీ డి6. ఒకే స్థితి మూడోసారి వచ్చింది, ఆట ముగిసింది.

తండ్రిగారి అనుమానానికి మూలం ఈ చివరి నాలుగు ఎత్తులే. ఎవరూ ఎందుకు పక్కకు తప్పుకోలేదు? తెల్ల సంగతి ముందు చూద్దాం. పన్నెండో ఎత్తుకు ఇ6లోని మంత్రిని కొట్టి మంత్రులను మార్చుకుంటే నల్ల శకటు దాన్ని కొట్టి ఇ6లో చక్కగా కూర్చుంటుంది. అప్పుడు ఇద్దరికీ ఆరేసి బంట్లు, రెండేసి ఏనుగులు ఉంటాయి. నల్లకు మాత్రం శకటుల జోడీ మిగులుతుంది, తెల్లకు ఇంకా ఇల్లు కదలని ఒక గుర్రం, ఒక శకటు మిగులుతాయి. తెరిచిన బోర్డు మీద శకటుల జోడీ ఎంత సుఖమో ఆడినవారికి తెలుసు. కాబట్టి గెలుపు కోసం దారి మార్చిన తెల్లే కాస్త ఇబ్బందిలో పడుతుంది.

నల్ల సంగతి ఇంకా సూక్ష్మం. తెల్ల మంత్రి డి4లో నిలిచినప్పుడు దాని చూపు మూలగా జి7 బంటు మీద ఉంటుంది. ఆ బంటుకు కాపు ఎఫ్8లోని శకటు ఒక్కటే. ఆ శకటు కదిలితే తప్ప నల్ల రాజు తన వైపున కోట కట్టుకోలేడు, కదిలితే జి7 పోతుంది. ఈ చిక్కు నుంచి బయటపడేందుకు తేలికైన మార్గం మంత్రిని డి6కు తెచ్చి, మార్చుకుందామా అని అడగడమే. తెల్ల మార్చుకోదు, మళ్లీ షా ఇస్తుంది. ఇద్దరిలో ఎవరు ముందు తప్పుకుంటే వారికే కొంత నష్టం ఉన్న చోట ఇద్దరూ నిలిచిపోతారు. దీన్ని కుమ్మక్కు అనడం న్యాయం కాదు.

మరొక మాట కూడా తండ్రిగారికి చెప్పాను. ఈ డ్రాకు తలుపు తీసింది తెల్ల. ఆరో ఎత్తుకు బంటుతో కొట్టింది అతడు, పదకొండో ఎత్తుకు షా ఇచ్చిందీ అతడే. అంతకు ముందు కూడా నాలుగో ఎత్తుకు డి3 అని నెమ్మదిగా ఆడవచ్చు, ఐదో ఎత్తుకు ఏనుగును ఇ1కు తేవచ్చు. నల్లతో ఆడే పిల్లవాడు వచ్చిన ఎత్తుకు సరైన జవాబు చెప్పాడు, అంతే. కానీ మన దగ్గర నింద ఎప్పుడూ చిన్నవాడి మీదకే పోతుంది, అది నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

ఇక మొదటి దారి. ఆరో ఎత్తుకు తెల్ల శకటు సి6 గుర్రాన్ని కొడితే, నల్ల డి బంటుతో దాన్ని కొడుతుంది. తెల్ల డి బంటు ఇ5ను కొడుతుంది, డి6లోని నల్ల గుర్రం ఎఫ్5కు తప్పుకుంటుంది, తెల్ల మంత్రి డి8లోని నల్ల మంత్రిని కొడుతుంది, నల్ల రాజు ఆ మంత్రిని కొడతాడు. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు లేవు, నల్ల రాజు కోట కట్టుకునే హక్కు పోగొట్టుకుని నడి బోర్డులో నిలబడ్డాడు. కొత్తగా చూసేవారికి నల్ల పని అయిపోయినట్టే కనిపిస్తుంది.

బంట్లు లెక్కపెట్టితే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. రాజు వైపు తెల్లకు ఇ, ఎఫ్, జి, హెచ్ వరుసల్లో నాలుగు బంట్లు, నల్లకు మూడు. మంత్రి వైపు నల్లకు నాలుగు, తెల్లకు మూడు. పైకి సరిసమానమే, అయితే నల్ల నాలుగు బంట్లలో రెండు ఒకే సి వరుసలో ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. తెల్ల తన నాలుగింటితో నల్ల మూడింటిని తోసుకుంటూ పోయి అడ్డులేని బంటును పుట్టించగలదు. నల్ల నాలుగింటిని మాత్రం తెల్ల మూడు బంట్లు ఆపి ఉంచగలవు. కాబట్టి మిగతా పావులన్నీ పోయి రాజులు, బంట్లే మిగిలితే సాధారణంగా గెలుపు తెల్లదే. ఈ ఒక్క లెక్క మనసులో ఉంచుకుంటే బెర్లిన్ రక్షణ మొత్తం అర్థమవుతుంది. తెల్ల పావులను మార్చుకుంటూ ఆ చివరి లెక్కకు చేరాలని చూస్తుంది, నల్ల ఏ పావును మార్చుకోవచ్చు, ఏ పావును అట్టే పెట్టుకోవాలి అన్న ప్రశ్న మీదే బతుకుతుంది.

మరి నల్ల నిలబడేది దేనితో? శకటుల జోడీతో, గళ్ల రంగుతో. తెల్ల తన తెల్లగడి శకటును సి6లోనే ఇచ్చేసింది. మిగిలిన శకటు నల్లగళ్ల మీద నడిచేది, ఇ5లో ఉన్న సొంత బంటూ నల్లగడిలోనే ఉండి దానికి అడ్డం పడుతుంది. ఇ6, ఎఫ్5, డి5 వంటి తెల్లగళ్లు నల్లకు విడిది ఇళ్లలా మారతాయి. మంత్రులు లేవు గనుక నడి బోర్డులో ఉన్న రాజుకు ప్రాణభయం తక్కువ. పైగా మంత్రి వైపు బంట్లకు అతడే కాపు.

2000 అక్టోబరు, నవంబరు నెలల్లో లండన్‌లో గ్యారీ కాస్పరోవ్‌తో ఆడిన వ్లాదిమిర్ క్రామ్నిక్ ఈ లెక్కను లోకానికి చూపించాడు. కాస్పరోవ్ 1985 నుంచి ప్రపంచ విజేత. 16 ఆటలుగా అనుకున్న ఆ పోటీ 15 ఆటలకే తేలిపోయింది. క్రామ్నిక్ రెండు గెలిచి, 13 డ్రా చేసుకుని, 8.5–6.5తో నెగ్గాడు. కాస్పరోవ్ ఒక్క ఆటా గెలవలేకపోయాడు. బెర్లిన్ రక్షణ 1, 3, 9, 13 ఆటల్లో వచ్చింది, నాలుగూ డ్రా.

అందులో మొదటి ఆట 25 ఎత్తులు. దాన్ని నా పిల్లలందరి చేతా బోర్డు మీద పెట్టిస్తాను. నల్ల రాజు పదకొండో ఎత్తుకు సి8కు వెళ్లాడు, ఇరవయ్యో ఎత్తుకు బి7కు, ఇరవైమూడో ఎత్తుకు మళ్లీ సి8కు. ఎఫ్5లో ఉన్న గుర్రం ఇ7కు పోయి, అక్కడి నుంచి జి6కు పోయి, చివరికి ఇ7 మీదుగా ఇరవైఐదో ఎత్తుకు తిరిగి ఎఫ్5కే వచ్చింది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ మధ్యలో జరిగింది చూడాలి. హెచ్ బంటు హెచ్6, హెచ్5, హెచ్4 అని ఒక్కో గడి దిగింది. తెల్ల నాలుగు బంట్ల దండు కదలాలంటే ఎప్పుడో ఒకప్పుడు జి4 తోయాలి, హెచ్4లోని బంటు ఆ జి4ను దారిలోనే కొట్టేందుకు కాచుకుని ఉంది. హెచ్8లో మూల కూర్చున్న ఏనుగు, రాజు కోట కట్టుకోకపోయినా, ఆ బంటు వెనకే హెచ్5కు వచ్చి బయటపడింది. సి6 బంటు సి5కు, ఎ7 బంటు ఎ5కు వెళ్లి మంత్రి వైపు ద్వారాలు మూశాయి. కాస్పరోవ్ గుర్రం డి5 దాకా వచ్చి, అక్కడ చేయగలిగింది లేక మరుసటి ఎత్తుకే ఇ3కు వెనుదిరిగింది.

ఈ రక్షణకు ‘బెర్లిన్ గోడ’ అన్న పేరు స్థిరపడింది. నాకు మాత్రం అది ఏటిగట్టులా కనిపిస్తుంది. లంకల వైపు పెరిగిన వారికి తెలుసు, గట్టు వరదను ఓడించదు, వరదకు గండి దొరకనివ్వదు. నీళ్లు వచ్చాక పరుగెత్తితే లాభం లేదు; ఎలుక బొరియ ఎక్కడుందో ముందే చూసి మట్టి కూరాలి, పలచబడిన చోట ఇసుక బస్తా వేయాలి. క్రామ్నిక్ హెచ్ బంటు చేసిన పని అదే. తెల్ల దండు ఇంకా కదలకముందే అది కదిలే చోటును కట్టేసింది. ఆ 25 ఎత్తుల డ్రాలో కాస్పరోవ్ గెలుపు కోసం ప్రయత్నించాడు. మా భీమవరం డ్రాలో అలాంటి శ్రమ లేదు, అది నిజం. రెండిటి ఫలితం పట్టికలో అర పాయింటే అయినా, ఆరో ఎత్తుకు ఏ పావుతో కొట్టారన్న దాని మీద రెండూ వేర్వేరు ఆటలయ్యాయి.

నియమాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా టోర్నమెంటులో 30 ఎత్తుల లోపు డ్రాకు ఒప్పుకోకూడదని ముందే ప్రకటించారు. మరి 14 ఎత్తులకు ఎలా ముగిసింది? ఒప్పుకోవడం వేరు, హక్కుగా అడగడం వేరు. ‘డ్రా చేసుకుందామా’ అని ఎదుటివారిని అడిగి, వారు సరేనంటే అయ్యేది ఒప్పందం. నిషేధం దానికే. ఒకే స్థితి మూడోసారి వస్తే, ఆ వంతు ఉన్న ఆటగాడు ఆర్బిటర్‌ను (పోటీ నిర్ణేతను) పిలిచి డ్రా అడిగే హక్కు చదరంగ నియమాల్లోనే ఉంది. 2005లో సోఫియా నగరపు టోర్నమెంటు ఆటగాళ్ల మధ్య డ్రా ప్రతిపాదనలను నిషేధించి పేరు తెచ్చుకుంది, ఆ తరువాత చాలా పోటీలు ఆ పద్ధతిని ఏదో ఒక రూపంలో తీసుకున్నాయి. కానీ మంత్రులు ఇలా అటూ ఇటూ నడిచే దారిని ఆ నియమం మూయలేదు. మూయాలంటే ఆట నియమాన్నే మార్చాలి.

అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది, అందులో పిల్లలు తరచుగా పొరబడతారు. మూడోసారి స్థితి రప్పించే ఎత్తును ముందుగా కాగితం మీద రాయాలి, బోర్డు మీద పావును ముట్టుకోకూడదు, గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవాలి. మావాడు సరిగ్గా అలాగే చేశాడు: పద్నాలుగో ఎత్తుకు ‘మంత్రి డి6’ అని రాసి, కలం కింద పెట్టి, చెయ్యి ఎత్తాడు. ఆర్బిటర్ కాగితాన్ని చూస్తూ ఎత్తులన్నీ పక్క బోర్డు మీద పెట్టి చూశారు. 10, 12, 14 ఎత్తుల తరువాత స్థితి ఒకటే. స్థితి ఒకటే అంటే పావులు అవే గళ్లలో ఉండటం మాత్రమే చాలదు. ఆడే వంతు కూడా అదే వైపుకు ఉండాలి, కోట కట్టే హక్కు వంటివీ మారకూడదు. మూడుసార్లూ వరసగా రావలసిన పని లేదు. ఒకవేళ లెక్క తప్పితే ఎదుటి ఆటగాడికి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు, రాసిన ఎత్తునే ఆడాలి.

రేటింగు లెక్క చిన్నదే. 200 పాయింట్ల తేడా ఉన్నప్పుడు కింది ఆటగాడి నుంచి ఆశించేది 0.24 పాయింటు. డ్రాతో వచ్చింది 0.5, అంటే 0.26 ఎక్కువ. ఆ తేడాను హెచ్చవేసే గుణకం పిల్లలకు 40 గనుక మావాడికి 10.4 పాయింట్లు కలిశాయి. గుణకం 20 ఉన్న ఆ యువకుడికి 5.2 పోయాయి. అయినా అతడు ఈ దారి ఎంచుకున్నాడంటే, చివరి రౌండుకు ముందు అర పాయింటు భద్రంగా దక్కితే బహుమతి అందుతుందని లెక్క వేసుకుని ఉంటాడు. ఓడినవారు కూడా అన్ని రౌండ్లూ ఆడి, మొత్తం పాయింట్లతో స్థానాలు తేలే స్విస్ పద్ధతి పోటీల్లో ఇది రోజూ జరిగేదే. పోటీ విధానం వేరైతే డ్రా విలువా మారుతుంది. 2025 జులైలో జార్జియా దేశంలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో, మన పక్క డెల్టా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ ఆడిన రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి. అక్కడ ఆ డ్రాలు ఇద్దరినీ తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్ ఆటల్లోకి నెట్టాయి, అందులో దివ్య గెలిచింది.

నా అభిప్రాయం అడిగితే, బెర్లిన్ రక్షణను పిల్లలకు నేర్పవలసింది మొదటి దారితోనే. రాజులు, బంట్లే మిగిలిన ముగింపులు ఆడటం వచ్చాక, నాలుగు మూడు బంట్ల లెక్క చేతికి వచ్చాక, అప్పుడు ఈ 14 ఎత్తుల దారి చూపించాలి. ముందు దీన్నే కంఠతా పట్టిస్తే అర పాయింటు వస్తుంది గానీ ఆట రాదు. మావాడికి నేను క్రమం ప్రకారమే నేర్పాను. అయినా ఆ సాయంత్రం అతనికి ఆ స్థితి నిజంగా తెలుసా అన్న సందేహం నాకూ కలిగింది.

అందుకే తిరుగు ప్రయాణానికి ముందు మండపం మెట్ల మీద చుట్టే బోర్డు పరిచి, పన్నెండో ఎత్తుకు తెల్ల మంత్రి డి4కు వచ్చిన స్థితిని పెట్టాను. తండ్రిగారూ పక్కనే కూర్చున్నారు. “ఇక్కడ నల్ల డి6కు పోకుండా ఊరికే ఎ6 బంటు తోసిందనుకో. తెల్లగా నువ్వేం ఆడతావు?” అన్నాను. ఆయనే ముందు వేలు పెట్టారు. నల్ల మంత్రి ఇ6లో, దాని వెనక ఇ8లో రాజు, నడుమ ఏమీ లేదు. “ఏనుగును ఇ1కు తెస్తే మంత్రి ఇరుక్కుపోద్ది కదండీ” అన్నారు. పిల్లవాడు ఏమీ మాట్లాడలేదు. ఏనుగును ఇ1లో పెట్టనిచ్చి, నల్ల మంత్రిని ఇ6 నుంచి నిలువుగా దింపి ఆ ఏనుగునే కొట్టాడు. బి1లో గుర్రం, సి1లో శకటు ఇంకా ఇల్లు కదల్లేదు, ఎ1లోని ఏనుగుకు అవే అడ్డం. తెల్ల రాజు ముందు మూడు బంట్లూ సొంతవే. ఇ1ను కాచేవారు ఒక్కరూ లేరు. “షా, ఆట కట్టు నాన్నా” అన్నాడు. ఆయన చాలాసేపు బోర్డు వైపే చూసి, ఏనుగును తిరిగి ఎఫ్1లో పెట్టి, “ఇంకోసారి మొదట్నుంచీ పెట్టరా” అన్నారు.